పిట్టలతో ముచ్చట: తెల్లవారుజామున ఆ ఈల ఎవరిది?

వేసవి సెలవుల్లో కొండలకు వెళ్లొచ్చినవాళ్లు ఎక్కువైనట్టున్నారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వానల అడవుల గురించే. అందులోనూ ముగ్గురు ఒకే పిట్ట గురించి, పేరు తెలియక, అడిగారు. అందుకని చెరువు కొంగల మీద రాసుకున్నదంతా పక్కన పెట్టాను. కొంగల గురించి అడిగినవారు ఏమీ అనుకోకండి, వచ్చే నెల వాటి వంతు.

ప్రశ్న: మేడమ్, మే నెలలో కుటుంబంతో కూర్గ్ వెళ్లి, కాఫీ తోట మధ్యలో ఒక హోమ్‌స్టేలో దిగాం. రెండు రోజులూ ఐదు కూడా కాకముందే కిటికీ అవతల ఎవరో ఈల వేయడం మొదలుపెట్టారు. తెలిసిన పాట కాదు, కానీ పాటలాగే ఉంది. పనివాళ్లలో ఎవరో అనుకుని ఓనర్‌కి కంప్లెయింట్ చేశాను. ఆయన నవ్వి ‘అది పిట్ట సార్’ అన్నాడు. మా ఆవిడ ఇప్పటికీ నమ్మడం లేదు. నిజంగా పిట్టేనా? మా అబ్బాయి ఫోన్‌లో రికార్డు చేసి తిరిగి వినిపిస్తే అది ఇంకా దగ్గరికి వచ్చి అరిచింది. (విజయవాడ)

జవాబు: పిట్టే. మీ ఆవిడను నేను తప్పు పట్టను. నేను ఇంతకంటే పెద్ద రభసే చేశాను.

1979లో మా ఆయనకు కొడగులో, అంటే మీరు వెళ్లిన కూర్గ్‌లోనే, సోమవారపేట వైపు ఒక కాఫీ ఎస్టేట్‌లో లెక్కలు చూసే ఉద్యోగం దొరికింది. నేను తెనాలిలో పుట్టి పెరిగినదాన్ని. కొండ అంటే మంగళగిరి కొండే తెలుసు. జూన్‌లో కాపురానికి వెళ్లాను, తోడుగా మా అమ్మ వచ్చింది. రెండో రోజు చీకటితోనే పడకగది కిటికీ పక్కన ఈల! ఒక స్వరం పైకి పోతుంది, ఏదో గుర్తొచ్చినట్టు మధ్యలో ఆగుతుంది, మళ్లీ కిందికి జారుతుంది. పనీపాటా లేని కుర్రాడు జేబుల్లో చేతులు పెట్టుకుని నడుస్తూ వేసే ఈల ఎలా ఉంటుందో అచ్చం అలాగే. మా అమ్మ లేచి కూర్చుని, “రఘురామయ్య గారు పోయి నాలుగేళ్లయింది కదే, మరి ఈ ఈల ఎవరిది?” అంది. ఈలపాట రఘురామయ్య గారి కృష్ణుడి వేషం ఆవిడ ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. నాకు మాత్రం నవ్వు రాలేదు. కొత్తగా కాపురానికి వచ్చినదాని కిటికీ దగ్గర ఈల వేసేవాడెవడో తేల్చమని మా ఆయన్ని నిద్ర లేపాను. ఆయన టార్చి, చేతికర్ర పట్టుకుని వెళ్లారు. పది నిమిషాలకు తడిసి ముద్దయి, కాలికి రెండు జలగలతో తిరిగొచ్చి, “కాఫీ పళ్ల గుజ్జు తీసే పల్పింగ్ షెడ్డు కప్పు మీద ఉన్నాడు. నల్లగా ఉన్నాడు. రెక్కలున్నాయి” అన్నారు.

దాని ఇంగ్లీషు పేరు మలబార్ విజిలింగ్ థ్రష్. ‘ఈల వేసే స్కూలు కుర్రాడు’ అని ఇంగ్లీషులో ముద్దుపేరు. మలయాళంలో చూళక్కాక్క అంటారు. చూళం అంటే ఈల, కాక్క అంటే కాకి. తెలుగులో నేను ఈలపిట్ట అని పిలుచుకుంటాను, మీరూ అలాగే పిలవండి. గోరింక కంటే రవ్వంత పెద్దది, పాతిక సెంటీమీటర్లుంటుంది. నీడలో చూస్తే ఒట్టి నలుపే. ఎండ పొడ పడిందా, నుదుటి మీదా భుజాల మీదా నీలం భగ్గుమంటుంది. నిజానికి ఆ ఈకల్లో నీలం రంగంటూ ఏమీ లేదు. ఈక లోపలి సన్నటి నిర్మాణం వెలుగులోంచి నీలాన్ని మాత్రం వెనక్కి కొడుతుంది, అంతే. మగదీ ఆడదీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

అది మీ కిటికీ దగ్గరికి మీకోసం రాలేదు, మీ హోమ్‌స్టే వెనక పారే వాగు కోసం వచ్చింది. వాగు ఉందని మీరు రాయలేదు, అయినా ఉండే ఉంటుంది. ఈలపిట్ట బతుకంతా బండరాళ్ల మధ్య పారే నీళ్ల పక్కనే. పురుగులు, వానపాములు, చిన్న కప్పలు, పీతలు దాని తిండి. మధ్యలో అడవి పళ్లు. మా ఇంటి కింది వాగులో బల్లపరుపు బండ ఒకటుండేది. పీతను తెచ్చి దాని మీద కొట్టి, కాళ్లు ఊడగొట్టి తినేది. ఆ బండ చుట్టూ పీత పెంకులు మా వీధిలో సంక్రాంతి నాటి చెరకు పిప్పిలా పడి ఉండేవి.

గూడు మామూలుగా వాగు గట్టు మీద రాతి అరుగులో కడుతుంది. మనుషులంటే మరీ భయం లేదు గనుక ఒక్కోసారి కట్టడాల్లోకీ వస్తుంది. రెండో ఏడు మా ఎరువుల గోదాంలో దూలం మీద కట్టింది. తడి నాచు, వేళ్లు, గడ్డి కలిపి గిన్నెలాంటి గూడు. ఎరువు బస్తాల మీద రెట్ట పడుతోందని రైటర్, అంటే ఎస్టేట్ గుమాస్తా, గూడు తీసేయమన్నాడు. మా ఆయన మాట్లాడకుండా బస్తాల మీద పాత గోనెపట్టా పరిపించారు. మూడు గుడ్లు. ఆడా మగా వంతులేసుకుని పొదిగాయి. పదహారో రోజు పొద్దున గోదాం తలుపు తీస్తే పైన చప్పుడు మారింది. నేను అప్పటికి జువాలజీలో డిగ్రీ చేసి ఉన్నాను కానీ, ఆ దూలం కింద స్టూలు వేసుకుని నేర్చుకున్నంత కాలేజీలో నేర్చుకోలేదు.

తెల్లారకముందే ఎందుకంటారా? అప్పుడు వేటాడేంత వెలుగు ఉండదు, గాలి కదలదు, మిగతా గోల ఇంకా మొదలవదు. ‘ఈ వాగు ముక్క నాది’ అని చాటుకోవడానికి అంతకంటే మంచి వేళ లేదు. పైగా మీరు వెళ్లింది అది జతకట్టే కాలంలో. చలికాలంలో వెళ్లి ఉంటే ఈల దాదాపు వినిపించేదే కాదు, గిలక కీచుమన్నట్టు ‘క్రీ’ అనే ఒక్క కేక తప్ప.

ఇక మీ అబ్బాయి సంగతి. రికార్డు విని పిట్ట దగ్గరికి వచ్చింది ముచ్చటపడి కాదు, కోపంతో. తన వాగులోకి ఇంకొకడు చొరబడ్డాడని వెతుక్కుంటూ వచ్చింది. ఫొటోల కోసం స్పీకర్లు పెట్టి గంటల తరబడి దాన్ని తిప్పే పెద్దమనుషులున్నారు. పిల్లలకు తిండి తేవాల్సిన వేళలో లేని శత్రువు కోసం తిరుగుతుంది పాపం. ఒకసారికి ఫరవాలేదు, ఇంకెప్పుడూ వద్దని చెప్పండి.

ప్రశ్న: కిందటి నెల మీరు ‘కోయిల పాటపిట్ట కాదు’ అని ఒక ముక్క రాసి వదిలేశారు. మా స్టాఫ్ రూమ్‌లో రెండు వర్గాలయ్యాయి. కోయిల కాకపోతే ఇంకేది పాటపిట్ట? (నరసరావుపేట, తెలుగు పండితులు)

జవాబు: కాకి.

కోప్పడకండి మాస్టారూ, నేను హాస్యమాడటం లేదు. పక్షిశాస్త్రంలో పాటపిట్ట అంటే గొంతు తీయగా ఉన్నది అని కాదు, ఒక వంశం పేరు. మనకు కంఠధ్వని పుట్టేది గొంతు పైభాగంలో. పక్షులకు కింద, శ్వాసనాళం రెండు పాయలుగా చీలే చోట. ఆ ధ్వనిపెట్టెను అదుపు చేసే కండరాలు పాటపిట్టల్లో బాగా పెరిగి ఉంటాయి. రెండు పాయలనూ విడివిడిగా పలికించగలవు. ఇంకో ముఖ్యమైన లక్షణం, అవి పాటను పెద్దవాటి దగ్గర విని నేర్చుకుంటాయి. ప్రపంచంలోని పక్షిజాతుల్లో దాదాపు సగం ఈ వంశానివే. పిచ్చుక, గోరింక, పికిలి (బుల్‌బుల్), ఈలపిట్ట, కాకి అందరూ బంధువులే.

కోయిల వేరే వంశం. సాక్ష్యం మన కళ్ల ముందే ఉంది. కోయిల పిల్ల కాకి గూట్లో పెరుగుతుంది, పొద్దస్తమానం కాకి మాటలే వింటుంది, అయినా పెద్దయ్యాక ‘కుహూ’ అనే అంటుంది. అంటే అది నేర్చిన పాట కాదు, పుట్టుకతో వచ్చింది. ఇంకోటి కూడా చెప్పేస్తాను, మీ వర్గాలు మూడవుతాయేమో. ఆ ‘కుహూ’ అనేది మగది. ఒళ్లంతా మచ్చలతో, చెట్టు గుబుర్లో దాక్కుని ‘కిక్ కిక్ కిక్’ అని అరిచేది ఆడది. కోకిలకంఠి అని హీరోయిన్లను పొగిడిన కవులందరూ ఏం చేస్తారో చేసుకోనీండి.

మలయాళీలు ఈలపిట్టను కాకి అన్నది రంగును చూసే. తెలియకుండానే సరైన వంశంలో పెట్టారు.

ప్రశ్న: డిగ్రీ సెకండియర్ చదువుతున్నాను. వర్షారణ్యం అంత దట్టంగా ఉంటే, పైగా వాగుల హోరు ఉంటే, చిన్న పిట్ట పాట అంత దూరం ఎలా వినిపిస్తుంది? ఆకులు ధ్వనిని పీల్చేయవా? (కరీంనగర్)

జవాబు: మంచి ప్రశ్న, బాబూ. పీల్చేస్తాయి. ఆకులు, కొమ్మలు ధ్వనిని కొంత పీలుస్తాయి, కొంత అటూ ఇటూ విసిరికొడతాయి. బాగా కీచుగా ఉండే స్వరాలు తొందరగా చస్తాయి. గబగబా వచ్చే స్వరాలైతే ఒకదాని ప్రతిధ్వని మీద ఇంకొకటి పడి అలుక్కుపోతాయి. పెద్ద కల్యాణమండపంలో మైకు పట్టుకుని ఎవరైనా హడావిడిగా మాట్లాడితే ఒక్క ముక్కా అర్థం కాదు చూడు. అదే పురోహితుడు సాగదీసి చదివితే చివరి వరసదాకా తెలుస్తుంది. అడవి అలాంటి మండపమే. అందుకే ప్రపంచంలో చాలా చోట్ల వర్షారణ్యాల నేలకు దగ్గరగా ఉండే పక్షులు నిదానంగా, స్వచ్ఛంగా, ఒక్కొక్క స్వరాన్నే విడదీసి పలుకుతాయి. మైదానాల పక్షులు టకటకమని గిలకలు మోగిస్తాయి. ఈలపిట్ట పాట మనిషి ఈలలా ఉండటానికి ఇది ఒక కారణం. మనం వేసే ఈల కూడా స్వచ్ఛమైన ఒంటి స్వరమే.

మరి వాగు హోరు? నీటి హోరులో ఎక్కువ బలం కింది శ్రుతిలో ఉంటుంది. నేను ఇందాక చెప్పిన ‘క్రీ’ కేక బాగా పై శ్రుతిలో ఉంటుంది కాబట్టి హోరును చీల్చుకుని వస్తుంది. బండ మీద నిలబడి మనం పక్కవాడిని కేకేసినా వినిపించని చోట కూడా అది నాకు స్పష్టంగా వినిపించేది. అంటే ఒకే పిట్ట దగ్గర రెండు పనిముట్లున్నాయి. పొద్దున నిశ్శబ్దంలో అడవంతటికీ ఈల, పగలు నీటి పక్కన కేక.

పుస్తకంలో ‘సతత హరిత అరణ్యం’ అని బట్టీపట్టి ఉంటావు. వీలైతే ఒకసారి కళ్లతో చూడు. పశ్చిమ కనుమలు తపతీ నది దగ్గర నుంచి కన్యాకుమారి దాకా 1,600 కిలోమీటర్లు. 2012లో యునెస్కో వాటిలో 39 చోట్లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కర్ణాటకలో ఆగుంబె అని ఒక ఊరుంది. అక్కడ ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్ల పైన వాన కురుస్తుంది. మీ కరీంనగర్‌లో వెయ్యి దాటితేనే పేపర్లో వేస్తారు! మధ్యాహ్నం పన్నెండింటికి ఆ అడవిలోకి అడుగుపెడితే సాయంత్రం ఆరయినట్టుంటుంది. పై కొమ్మల మీద పడిన వెలుగులో నూటికి రెండు పాళ్లు కూడా నేలకు దిగవు. నాగకేసరాల కొత్త చిగురు ఎర్రగా పైన ఎక్కడో మెరుస్తుంది, కిందంతా కుళ్లుతున్న ఆకు, నాచు, జలగలు. ఆ చీకటీ ఆ తడీ ఉంటేనే వాగు మార్చిలో కూడా పారుతుంది. వాగు పారితేనే పీతలు, పీతలుంటేనే ఈలపిట్ట.

కేరళలో సైలెంట్ వ్యాలీ అనే వానల అడవి గురించి కూడా చదువు. అక్కడ పారే నది పేరు కుంతిపుళ, ఆనకట్ట కట్టాలనుకున్న చోటు పేరు సైరంధ్రి. పాండవులు అక్కడిదాకా వచ్చారో లేదో నేను చెప్పలేను కానీ, సైన్సును జనంలోకి తీసుకెళ్లే కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు వాళ్లు, కవులు, శాస్త్రవేత్తలు, స్కూలు మాస్టర్లు కలిసి గట్టిగా పోట్లాడారు. 1983లో ఆ ప్రాజెక్టును వదిలేశారు, మరుసటి ఏడు అది నేషనల్ పార్కయింది. ఆ నది రాళ్ల మీద ఇప్పటికీ ఈలపిట్ట ఉంది.

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో తొమ్మిదో అంతస్తు. బాల్కనీలో మొక్కలు, చిన్న ఫౌంటెన్ పెట్టాం. మనిషిలా ఈల వేసే పక్షుల జతను ఎవరో తెచ్చి ఇస్తామంటున్నారు. పెద్ద పంజరం చేయించాం. ఏం తిండి పెట్టాలి? (హైదరాబాద్)

జవాబు: ఏమీ పెట్టొద్దు, అసలు తీసుకోవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి పిట్టను పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో పెట్టడం అన్నీ నేరాలే. తెచ్చిస్తామన్నవాళ్ల మీద అటవీ శాఖకు ఫిర్యాదు చేయండి. పంజరంలో మనీప్లాంట్ పాకించుకోండి, బాగుంటుంది.

మీ ఫౌంటెన్‌కి వాగునుకుని ఈలపిట్ట రాదు కానీ, దాని దగ్గరి చుట్టం ఒకటి మీ కాలనీలోనే ఉంటుంది. నలుపూ తెలుపూ రంగుల్లో, తోక నిక్కబొడిచి వాటర్ ట్యాంకు మీద పాడుతుంది. పెద్ద నలంచి అంటారు. ఏప్రిల్‌లో ఐదింటికి లేచి టెర్రస్ మీదికి వెళ్లండి. లిఫ్టు ఉంది కదా.

ప్రశ్న: అమ్మా, నేను సింగపూర్‌లో ఉంటున్నాను. ఆదివారాలు పులావ్ ఉబిన్ దీవికి సైకిల్ తొక్కడానికి వెళ్తాం. అక్కడ మడ అడవుల పక్కన ఒక పక్షి గొంతు గలగలమని, నీళ్లు బిందెలో పోసినట్టు ఉంటుంది. తల గడ్డి రంగులో ఉంది. స్థానికులు చాలా అరుదైనదని అంటారు, మాకు మాత్రం వెళ్లినప్పుడల్లా వినిపిస్తుంది. అరుదైనది అలా ఎలా వినిపిస్తుంది? (సింగపూర్)

జవాబు: మీరు విన్నది గడ్డితల పికిలి. మన పికిలిపిట్టల వంశంలో అతి పెద్దది, ఈలపిట్ట కంటే కూడా పొడుగు. ఒకటి అందుకుంటే రెండోది తోడుగా పాడుతుంది, మన ఇళ్లలో పెళ్లిపాటల్లాగా.

ఆ పాటే దాని ప్రాణం తీసింది. ఆగ్నేయాసియాలో పాటపిట్టలను పంజరాల్లో పెట్టి పోటీలు పెట్టే అలవాటు ఎప్పటినుంచో ఉంది. ఈ పికిలి నదుల పక్కన, అడవి అంచుల్లో ఉంటుంది. పైగా ఎక్కడుందో తానే పాడి చెబుతుంది. వలవాడికి అంతకంటే ఏం కావాలి? థాయిలాండ్‌లో లేకుండా పోయింది, జావాలో లేకుండా పోయింది. 2018లో అంతరించే ప్రమాదం మరీ ఎక్కువగా ఉన్న జాతుల్లో చేర్చారు. చిత్రమేమిటంటే అడవులు చాలావరకూ పోయిన సింగపూర్ దానికి గట్టి స్థావరాల్లో ఒకటయింది. అడవి అక్కడ గొప్పగా ఉందని కాదు, వల వేసేవాడు దాదాపు లేడని. మిగతా చాలా చోట్ల అడవి ఉంది, పిట్ట లేదు. మీరు ప్రతి ఆదివారం వినేది ప్రపంచంలో ఇంకెక్కడా అంత సులువుగా దొరకదు. అది కూర్చునే కొమ్మలు ఎక్కడెక్కడో ఫొటోలతో సహా అందరికీ పంచి పెట్టకండి.

ప్రశ్న: మేడమ్, మాది పాడేరు పక్కన కొండ మీద ఊరు. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, చెట్లకు మిరియం పాదులు. మా కాఫీ తోట కింద గెడ్డ (కొండవాగు) ఉంది. కొడగు కాఫీ తోటల్లో మనిషిలా ఈల వేసే పిట్ట ఒకటుందట, అది మా దగ్గర ఉంటుందా? రావాలంటే మేం ఏం చేయాలి? (పాడేరు)

జవాబు: తమ్ముడూ, ఈ నెల ఉత్తరాలన్నిటిలో నాకు నచ్చింది నీదే. ‘తెచ్చి పెంచుకోవచ్చా’ అనకుండా ‘రావాలంటే ఏం చేయాలి’ అన్నావు.

ఈలపిట్ట ప్రధానంగా పశ్చిమ కనుమలది. కానీ సాత్పురా కొండల్లోనూ, మన తూర్పు కనుమల్లో కొన్ని చోట్లా ఉంది. మన కొండల్లో పశ్చిమాన పడినంత వాన పడదు, అడవి అంత దట్టం కాదు. అయినా గెడ్డల వెంట లోయల్లో ఎండాకాలం కూడా పచ్చగా, చల్లగా ఉండే పట్టీలున్నాయి. దానికి కావలసింది సరిగ్గా ఆ పట్టీయే.

ఇక కాఫీ. మా ఎస్టేట్‌లో నీడకు పనస, అత్తి, నాగకేసరం, ఎర్రచిగురు వేసే ఏవేవో పాత అడవి చెట్లుండేవి. కాఫీ వేసినవాళ్లు అడవిని పూర్తిగా కొట్టకుండా, కింది పొదలు తీసేసి పైచెట్లు ఉంచారు. మేం ఉండగానే ఒక పక్క నుంచి వాటిని తీసేసి సిల్వర్ ఓక్ వేయడం మొదలైంది. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా చెట్టు. నిలువుగా, తొందరగా పెరుగుతుంది, మిరియం పాదు ఎక్కించడానికి వీలు, కలపకు ధర వస్తుంది. దాన్ని నేను తిట్టను, నీ ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. కానీ మా తోటలో ఆ పక్క నడిస్తే తేడా చెవికి తెలిసేది. పండ్లు లేవు, పిట్టలు తక్కువ, నేల త్వరగా ఎండేది.

కాబట్టి తోటంతా మార్చమని చెప్పను. గెడ్డకు రెండు పక్కలా ఒక పది పదిహేను అడుగుల వెడల్పున ఏమీ వేయకుండా వదిలేయి. ఉన్న మామిడి, నేరేడు, మేడి కొట్టొద్దు. గట్టు మీద పెద్ద బండలను ఇంటి పునాదికి తేవొద్దు, వాటి సందుల్లోనే గూడు. కాఫీ పళ్లు పల్పింగ్ చేసిన నీళ్లను నేరుగా గెడ్డలోకి వదలొద్దు. ఆ జిగురు నీళ్లు కుళ్లి, నీటిలో ప్రాణవాయువును తినేస్తాయి. ముందు పురుగులు పోతాయి, తర్వాత పీతలు పోతాయి. మా ఎస్టేట్‌లో ఒక సీజన్ అలాగే జరిగింది. జనవరి కల్లా బల్లపరుపు బండ చుట్టూ పీత పెంకులు కనిపించలేదు. ఆ జూన్‌లో గోదాం దూలం మీద గూడూ లేదు. ఒక గుంట తవ్వి ఆ నీళ్లను అందులోకి మళ్లించారు. పిట్ట మళ్లీ రావడానికి రెండేళ్లు పట్టింది.

ఒక పని చేయి. తొలి వానలు పడ్డాక, నాలుగున్నరకు లేచి గెడ్డ దగ్గర బండ మీద అరగంట కూర్చో. టార్చి వేయకు. కాళ్లకు వేపనూనె రాసుకో, జలగలుంటాయి. వినిపించినా సరే, వినిపించకపోయినా సరే, ఏ రోజు కూర్చున్నావో, నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో, గట్టున పీత పెంకులు కనిపించాయో లేదో కార్డు ముక్క మీద రాసి పంపు.